స్కోరు వేరు, సంభావ్యత వేరు: సి.ఆర్. రావు నుంచి పెప్టైడ్ల లెక్క దాకా

1. పరిచయం

మీలో జీవశాస్త్రం చదివినవారు ఉంటారు, వాణిజ్యశాస్త్రం తీసుకున్నవారూ ఉంటారు. ఈ పాఠానికి ఆ తేడా అడ్డు కాదు. కూడిక, భాగహారం వస్తే చాలు.

ఒక పరిశోధనాలయాన్ని ఊహించుకోండి. విజయవాడ నుంచి వెళ్ళిన విద్యార్థిని ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద వేల వరుసల పట్టిక. ప్రతి వరుసలో ఒక పెప్టైడ్, దాని పక్కన స్కోరు, ఆ పక్కన సంభావ్యత. ప్రోటీన్‌ను కోస్తే వచ్చే చిన్న ముక్కను పెప్టైడ్ అంటారని ప్రస్తుతానికి గుర్తుంచుకోండి. స్కోర్లు బాగానే ఉన్నాయి. సంభావ్యతల వరుస మాత్రం సున్నాలతో నిండిపోయింది. ఇంకో ఫైలు తెరిస్తే ఇంకో వింత: నిన్నటి నమూనాలో 0.87 సంభావ్యత వచ్చిన స్కోరుకే ఇవాళ 0.17 వచ్చింది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని ఆమెకు అనిపించడం సహజం. అయితే చాలా సందర్భాల్లో అది చెడిపోయి ఉండదు. అడిగిన ప్రశ్నకే సమాధానం చెబుతూ ఉంటుంది. ఆ ప్రశ్న ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ ప్రశ్న పుట్టిన చరిత్రే ఈ పాఠం. అది మొదలయ్యేది ప్రోటీన్లతో కాదు, మనుషుల ఎత్తులు, ముక్కుల కొలతలు, పాత సమాధుల్లోని పుర్రెలతో. దాన్ని ముందుకు నడిపినవారిలో ఒకరు కృష్ణా జిల్లా బడుల్లో చదువుకున్న తెలుగువారు. పాఠం పూర్తయ్యేసరికి స్కోరుకూ సంభావ్యతకూ తేడా ఏమిటో మీరు మీ మాటల్లో చెప్పగలగాలి. సంభావ్యత తేడాగా వచ్చినప్పుడు ముందుగా ఎక్కడ వెతకాలో కూడా తెలియాలి.

2. నూజివీడు, నందిగామ, విశాఖపట్నం

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది, అప్పట్లో మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. పది మంది సంతానంలో ఎనిమిదోవాడు. దేవకి ఎనిమిదో గర్భాన పుట్టిన కృష్ణుడి పేరు అందుకే పెట్టారు. తండ్రి సి. దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. పోలీసు ఉద్యోగమంటే బదిలీల ఉద్యోగం కదా. అందువల్ల పిల్లవాడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా సాగి, తండ్రి పదవీ విరమణ తరువాత విశాఖపట్నంలో స్థిరపడింది.

నూజివీడు, నందిగామ రెండూ అప్పటి కృష్ణా జిల్లాలోవే. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, నందిగామ విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. నిజానికి ఈ రెండూ డెల్టా ఊళ్ళు కావు, డెల్టాకు ఎగువన ఉన్న మెట్ట ప్రాంతపు ఊళ్ళు. అక్కడ గడిచిన కొన్నేళ్ళే ఆయనను గణితజ్ఞుణ్ణి చేశాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఊరూరా మారిన మామూలు బడుల్లో చదివిన పిల్లవాడని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మకు ఆయన తరువాత తన పుస్తకంలో కృతజ్ఞత చెప్పుకున్నారు.

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. ప్రథమ స్థానంలో పూర్తయింది. యుద్ధకాలం. సైన్యంలోని సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగానికి కలకత్తా వెళ్ళారు. అది దక్కలేదు. అయితే అక్కడ బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక దక్షిణాది యువకుడు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. అతని ద్వారా ఆ సంస్థ సంగతి తెలిసింది. 1941 జనవరి 1న రావు అందులో చేరారు. అప్పటికి సాంఖ్యక శాస్త్రం అనే విషయం మన దేశంలో చాలా విశ్వవిద్యాలయాలకు కొత్త. కలకత్తా విశ్వవిద్యాలయం ఆ విషయంలో ఎం.ఏ. పెట్టగానే చేరినవారిలో ఆయన ఒకరు. 1943లో స్వర్ణ పతకంతో పూర్తి చేశారు.

1945లో, పాతికేళ్ళు నిండకుండానే, ఆయన రాసిన వ్యాసంలోని ఫలితాలు నేడు క్రామెర్–రావు అవధి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అన్న పేర్లతో పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఆయన కీర్తి ఎక్కువగా ఆ వ్యాసం వల్ల వచ్చిందే. మన పాఠానికి కావలసింది మాత్రం మూడేళ్ళ తరువాత వచ్చిన మరో వ్యాసం.

3. రెండు రకాల గింజలు ఒక బస్తాలో

ఆ వ్యాసం దగ్గరికి వెళ్ళే ముందు సమస్యను పొలంలో నిలబడి చూద్దాం.

బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బి.పి.టి. 5204, చిన్న సన్న గింజ. మారుటేరు నుంచి వచ్చిన ఎం.టి.యు. 1010, కాటన్‌దొర సన్నాలు, దానికన్నా పొడుగు గింజ. ఈ రెండూ కలిసిపోయిన బస్తా మీ ముందు ఉందనుకోండి. ఒక్కో గింజ తీసి ఏ రకమో చెప్పాలి. పొడవు మాత్రమే కొలిస్తే కొన్ని గింజలు అటూ ఇటూ కాకుండా మధ్యలో పడతాయి, ఎందుకంటే ఏ రకంలోనైనా గింజలన్నీ ఒకే కొలతలో ఉండవు. వెడల్పు మాత్రమే కొలిచినా అదే చిక్కు. రెండు కొలతలనూ కలిపి చూస్తే మాత్రం మధ్యలో పడే గింజలు తగ్గుతాయి. పొడవుకు ఎంత భారం, వెడల్పుకు ఎంత భారం ఇచ్చి కలిపితే రెండు రకాలూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా జరుగుతాయి? ఆ భారాలను లెక్కకట్టే పద్ధతిని ఆర్.ఎ. ఫిషర్ 1936లో ప్రకటించారు. ఆయన ఉదాహరణ వరి కాదు, ఐరిస్ పూలు: మూడు జాతులు, ఒక్కో జాతికి 50 పూలు, ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు. అలా కలిపి తెచ్చిన ఒకే అంకెను విచక్షణ స్కోరు అంటాం.

అదే 1936లో కలకత్తాలో పి.సి. మహలనోబిస్ రెండు జనసమూహాల మధ్య దూరాన్ని కొలిచే సూత్రాన్ని ప్రచురించారు. ఆయన దానికి చేరుకున్నది మనుషుల శరీర కొలతల ద్వారా. 1920ల మొదట్లో కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలతో ఆయన పని మొదలైంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ముక్కు కొలిచి కులాలను నిచ్చెన మెట్ల మీద నిలబెట్టవచ్చని హెర్బర్ట్ రిస్లీ వంటి వలస పాలన అధికారులు నమ్మిన కాలం అది. ఫిషర్ వ్యాసం అచ్చయిన పత్రిక పేరులోనే సుప్రజనన శాస్త్రం ఉంది. ఇవాళ మనం వాడుతున్న మంచి పనిముట్లు కొన్ని అటువంటి చెడ్డ ప్రశ్నల చుట్టూ తయారయ్యాయి. పనిముట్టు పనికొచ్చింది కాబట్టి ప్రశ్న కూడా మంచిదే అనుకోకూడదు. ఆ ప్రశ్న చెడ్డదని పనిముట్టును పారేయనక్కర లేదు కూడా.

మళ్ళీ బస్తా దగ్గరికి వద్దాం. విచక్షణ స్కోరు లెక్కకట్టారు. ఒక గింజకు సరిగ్గా నడిమి స్కోరు వచ్చింది. అది ఏ రకం? మీ పెద్దవాళ్ళను అడిగితే వెంటనే ఒక ఎదురు ప్రశ్న వేస్తారు: బస్తా ఎక్కడిది? కేళీలను శ్రద్ధగా ఏరేసిన సాంబ మసూరి చేలోంచి వచ్చిన బస్తా అయితే ఆ గింజ సాంబ మసూరే అయి ఉండాలి. కళ్ళంలో రెండు కుప్పలూ కలిసిపోయిన చోటిది అయితే చెప్పలేం. గింజ అదే, కొలత అదే. సమాధానం మాత్రం బస్తాను బట్టి మారుతోంది. ఈ ఎదురు ప్రశ్నను సాంఖ్యక శాస్త్రంలో పూర్వ సంభావ్యత అంటారు.

4. కేంబ్రిడ్జిలో ఎముకలు

1946లో రావుకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ మ్యూజియం నుంచి పిలుపు వచ్చింది. ఔషధ వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ 1911–14 మధ్య సూడాన్‌లోని జెబెల్ మోయాలో పురాతన సమాధులను తవ్వించారు. అక్కడి అస్థిపంజరాల కొలతలు దశాబ్దాలుగా విశ్లేషణ లేకుండా ఉండిపోయాయి. ఆ సమాధుల మనుషులు ఎవరికి దగ్గరివారు? చుట్టుపక్కల జనాలతో వారికి పోలిక ఎంత? మహలనోబిస్ దూరం తెలిసినవారు కావాలని జె.సి. ట్రెవర్ కలకత్తాకు కబురు పెట్టారు. రావు, ఆర్.కె. ముఖర్జీ వెళ్ళారు. ఆ పని ఫలితం 1955లో ముగ్గురి పేర్లతో పుస్తకంగా వచ్చింది.

పగలు మ్యూజియంలో ఎముకల లెక్కలు, మిగతా వేళ ఫిషర్ పర్యవేక్షణలో పిహెచ్.డి. మధ్యలో ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల పెంపకం కూడా చూడవలసి వచ్చింది. కంప్యూటర్ లేదు. చేత్తో తిప్పే లెక్కల యంత్రాలే.

1948లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. జీవశాస్త్ర వర్గీకరణలో బహుళ కొలతల వినియోగం దాని విషయం. శీర్షిక ఫిషర్ 1936 వ్యాస శీర్షికకు బదులు పలికినట్లు ఉంటుంది. అందులో మన కథకు కావలసిన రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, విచక్షణను రెండు గుంపుల నుంచి అనేక గుంపులకు విస్తరించడం, ఏ గుంపు ఎంత శాతం ఉందన్న పూర్వ సంభావ్యతను లెక్కలోకి తేవడం. రెండోది ఇంకా ముఖ్యం. రెండు గుంపులు కలిసిపోయిన కొలతలు మాత్రమే ఉండి, ఏది ఏ గుంపుదో గుర్తు లేనప్పుడు ఏం చేయాలి? రెండు సామాన్య విభాజనాలు ఒకదానిమీద ఒకటి పడిన మిశ్రమంగా దాన్ని తీసుకుని, ఒక్కో గుంపు సగటు, వ్యాప్తి, పాలు ఎంతో గరిష్ఠ సంభవత పద్ధతిలో అంచనా వేయడం ఆయన చేసి చూపించారు. గింజల భాషలో చెప్పాలంటే, బస్తా ఎక్కడిదో ఎవరూ చెప్పకపోయినా, గింజల కొలతల వక్రరేఖలో కనిపించే రెండు మూపురాలను చూసి, ఏ రకం ఎంత పాలు ఉందో బస్తా చేతనే చెప్పించవచ్చు.

మరుసటి ఏడాది, 1949లో, సంయుక్త పరగణాల ప్రజల శరీర కొలతల మీద మహలనోబిస్, డి.ఎన్. మజుందార్, రావు కలిసి రాసిన దీర్ఘ నివేదిక సాంఖ్య పత్రికలో వచ్చింది. మిశ్రమాల అంచనా మాత్రం చేతి లెక్కకు భారమైన పని. 1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్‌లు ఇ.ఎం. అనే పేరుతో ఒక సాధారణ పద్ధతిని స్థిరపరిచాక, కంప్యూటర్లు చౌక అయ్యాక, అది అందరి చేతికీ వచ్చింది.

5. ప్రోటీన్ ముక్కలకు పేర్లు పెట్టడం

ఇప్పుడు యాభై ఏళ్ళు ముందుకు వెళ్దాం. ఒక జీవి కణాల్లోని ప్రోటీన్లన్నిటినీ కలిపి ప్రోటియోమ్ అంటారు. ఈ మాట 1994లో పుట్టింది. ప్రోటీన్లను నేరుగా చదవడం కష్టం కాబట్టి ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కలను ద్రవ్యరాశి వర్ణపటమాపకంలోకి పంపి, ఒక్కో ముక్కను మళ్ళీ పగలగొట్టి, వచ్చిన తునకల ద్రవ్యరాశులను కొలుస్తారు. అలా ఒక్కో పెప్టైడ్‌కు ఒక వర్ణపటం వస్తుంది. గీతల వరుస అనుకోండి.

ఆ గీతలు ఏ పెప్టైడ్‌వి? 1994లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎంగ్, మెక్‌కార్మాక్, యేట్స్ రూపొందించిన సీక్వెస్ట్ అనే ప్రోగ్రామ్ దీనికి దారి చూపింది. తెలిసిన ప్రోటీన్ల జాబితాను తీసుకుని, ప్రతి ముక్కకూ ఎలాంటి గీతలు రావాలో ఊహించి, అసలు వర్ణపటంతో పోల్చి, అన్నిటికన్నా బాగా సరిపోయిన దానికి స్కోరు ఇస్తుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. అది ఎప్పుడూ ఎవరో ఒకరిని మొదటి స్థానంలో నిలబెడుతుంది. సరైన పెప్టైడ్ జాబితాలో లేకపోయినా, ఆ వర్ణపటం ఉత్త రొద అయినా, ఒక పేరు మాత్రం వచ్చి తీరుతుంది. ఎన్నికలో నిలబడినవారందరూ అనర్హులైనా ఒకరు గెలిచినట్లే.

అందువల్ల ఎంత స్కోరు దాటితే నమ్మాలన్న ప్రశ్న వచ్చింది. మొదట్లో చాలా ప్రయోగశాలలు గీత గీసి పని కానిచ్చాయి. విద్యుదావేశం 1 అయితే 1.9, 2 అయితే 2.2, 3 అయితే 3.75 దాటాలి, ఇలా. ఒక ప్రయోగశాల గీత మరో ప్రయోగశాలకు సరిపోయేది కాదు. నమూనా మారితే, జాబితా మారితే, ఆ గీతకు పైన ఎన్ని తప్పులు దాక్కున్నాయో ఎవరికీ తెలిసేది కాదు.

2002లో సియాటిల్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సిస్టమ్స్ బయాలజీలో ఆండ్రూ కెల్లర్, అలెక్సీ నెస్విజ్‌స్కీ, యూజీన్ కోల్కర్, రూడి ఏబర్‌సోల్డ్ ఈ గీతలను పక్కనబెట్టి వేరే దారి చూపారు. దాని పేరు పెప్టైడ్ ప్రాఫెట్. ముందుగా వారు 18 శుద్ధమైన ప్రోటీన్ల మిశ్రమాన్ని యంత్రంలోకి పంపారు. అందులో ఏమున్నాయో ముందే తెలుసు కాబట్టి ఏ పేరు సరైనదో, ఏది తప్పో చెప్పవచ్చు. సీక్వెస్ట్ ఇచ్చే వేర్వేరు స్కోర్లను, సరైనవీ తప్పువీ వీలైనంత దూరం జరిగేలా తగిన భారాలతో కలిపి, ఒకే విచక్షణ స్కోరు చేశారు. తరువాత ఏ కొత్త నమూనా వచ్చినా అందులోని స్కోర్లన్నిటినీ వక్రరేఖగా పరిచి, దాన్ని రెండు మూపురాల మిశ్రమంగా చూస్తారు. ఎడమది తప్పు పేర్లది, దానికి గామా విభాజనం. కుడిది సరైన పేర్లది, దానికి సామాన్య విభాజనం. ఏ మూపురం ఎంత పాలో ఇ.ఎం. పద్ధతితో ఆ నమూనా చేతనే చెప్పిస్తారు. పెప్టైడ్ కొసలు ట్రిప్సిన్ కోసే చోట్లకు సరిపోయాయా లేదా అన్నది కూడా కలుపుతారు.

వరి బస్తా మీకు గుర్తొచ్చే ఉంటుంది. సియాటిల్ వారు రావు 1948 వ్యాసాన్ని ముందు పెట్టుకుని ఈ పని చేశారని నేను చెప్పడం లేదు. అప్పటికి ఆ ఆలోచనలు సాంఖ్యక శాస్త్రంలో అందరి ఉమ్మడి ఆస్తి. ఎన్నో కొలతలను ఒక స్కోరు చేయడం, కలగలిసిన గుంపును దాని కొలతల నుంచే విడదీయడం, రెంటినీ పూర్వ సంభావ్యతతో ముడివేయడం అనే మూడు పనులూ ఒకచోట కనిపించే తొలినాటి వ్యాసాల్లో అది ఒకటి అని మాత్రం అంటున్నాను.

ఇక లెక్క చేద్దాం. ఒక నమూనాలో 1,000 వర్ణపటాలు ఉన్నాయి. వాటిలో 400 సరైన పేర్లు, 600 తప్పు పేర్లు. ఒక ఫలానా స్కోరు దగ్గర సరైనవాటిలో 10 శాతం, తప్పువాటిలో 1 శాతం పడతాయనుకుందాం. అంటే అక్కడ 40 సరైనవి, 6 తప్పువి. 40ని 46తో భాగిస్తే 0.87. ఆ స్కోరు వచ్చిన పెప్టైడ్ సంభావ్యత అది. మరో నమూనా తీసుకోండి. అందులోనూ 1,000 వర్ణపటాలే, కాని సరైనవి 20, తప్పువి 980. అదే స్కోరు దగ్గర సరైనవి 2, తప్పువి 9.8. రెండును 11.8తో భాగిస్తే 0.17.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై రెండు నమూనాల్లో స్కోరు మారలేదు, యంత్రం మారలేదు. మరి సంభావ్యత ఎందుకు మారింది? సమాధానాన్ని నాలుగు వాక్యాల్లో రాసి, తరువాతి భాగానికి వెళ్ళండి.

6. సంభావ్యత తేడాగా వచ్చినప్పుడు

మీ సమాధానంలో గుంపు లేదా బస్తా అన్న మాట ఉంటే మీరు విషయం పట్టుకున్నట్లే. ఒక పెప్టైడ్ ఆ నమూనాలో ఉంటే ఉంది, లేకపోతే లేదు. అది సగం ఉండటం, 0.87 వంతు ఉండటం జరగదు. ఇలాంటి స్కోరు, ఇలాంటి కొసలు ఉన్న పేర్లను ఈ నమూనాలోంచి వంద తీస్తే వాటిలో 87 సరైనవి అని మాత్రమే 0.87 చెబుతుంది. అది ఒక్క వరుస గురించి కాదు, మొత్తం పట్టిక గురించిన మాట. కాబట్టి సంభావ్యత తేడాగా కనిపిస్తే ఆ వరుసను పట్టుకుని కూర్చోవద్దు. ప్రోగ్రామ్‌కు ఇచ్చిన గుంపును చూడాలి. ముందుగా వక్రరేఖను తెరవండి. దాదాపు ఈ ప్రోగ్రామ్‌లన్నీ దాన్ని చూపిస్తాయి, దాదాపు ఎవరూ చూడరు.

వక్రరేఖలో ఒకే ఒక్క మూపురం ఉండి, అది ఎడమ పక్కనే ఉంటే? సరైన పేర్ల గుంపు ప్రోగ్రామ్‌కు కనిపించలేదన్నమాట. అప్పుడు అది ఆగిపోతుంది, లేదా అన్నిటికీ సున్నా రాస్తుంది. మన విద్యార్థిని తెర మీద చూసింది ఇదే. ఆమె కొల్లేరు వైపు చెరువుల్లో పెంచిన బొచ్చె చేప కండరాన్ని యంత్రంలోకి పంపిందనుకోండి. పోల్చడానికి పెట్టిన జాబితా మాత్రం ప్రయోగశాలల్లో విరివిగా వాడే జీబ్రా చేపది. రెండూ బంధుత్వం ఉన్న చేపలైనా, ఒక్క అమైనో ఆమ్లం మారినా సాధారణంగా పెప్టైడ్ ద్రవ్యరాశి మారిపోతుంది. చాలా ముక్కలకు సరైన పేరు జాబితాలోనే లేదు. వచ్చిన స్కోర్లలో కొన్ని కంటికి బాగున్నా అవి తప్పు పేర్ల మూపురపు కుడి అంచు మాత్రమే. ఎంజైము పేరు తప్పుగా ఎంచుకున్నా, ద్రవ్యరాశి తేడాకు ఇచ్చిన అవకాశం యంత్రానికి తగినట్లు లేకపోయినా ఇదే బొమ్మ కనిపిస్తుంది. ఇటువంటప్పుడు సున్నాలను చూసి ప్రోగ్రామ్‌ను తిట్టడం జ్వరం ఉందని థర్మామీటర్‌ను తిట్టడం వంటిది.

రెండో పొరపాటు బుద్ధిమంతులు చేసేది. చెత్త ఎందుకని తక్కువ స్కోరు వచ్చిన వరుసలను ముందే తీసేసి, మిగిలినవాటిని ప్రోగ్రామ్‌కు ఇస్తారు. చేసింది శుభ్రం అనుకుంటారు. జరిగేది వేరు. తప్పు పేర్ల మూపురం ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి ప్రోగ్రామ్‌కు ఆ చెత్తే ఆధారం. ఎడమ మూపురాన్ని నరికేస్తే మిగిలిన తప్పులను అది సరైన గుంపులో కలిపేస్తుంది, సంభావ్యతలు ఉబ్బిపోతాయి. సున్నాలు వచ్చినప్పుడు కనీసం అనుమానం వస్తుంది. ఇక్కడ అన్నీ 0.99లే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు లేదు. తేలిపోయిన తాలు గింజలను చూపకుండా తాలును గుర్తుపట్టడం ఎవరికైనా ఎలా నేర్పుతాం?

వేర్వేరు నమూనాలను ఒకే ఫైలులో పోసినా ఇలాంటి గందరగోళమే. ఒక నమూనాలో సరైనవి 40 శాతం, మరో దానిలో 2 శాతం అయితే ప్రోగ్రామ్ ఒక సగటు పాలు లెక్కకడుతుంది. మొదటి నమూనాకు అన్యాయం, రెండోదానికి ఉచిత పందేరం. మరీ కొద్ది వర్ణపటాలు ఇచ్చినప్పుడూ అంతే, మూపురాలు ఏర్పడవు. పెప్టైడ్ ప్రాఫెట్ ఒక్కో విద్యుదావేశానికి విడిగా లెక్కకడుతుంది కాబట్టి మొత్తం ఫైలు పెద్దదైనా ఏదో ఒక విద్యుదావేశం దగ్గర సంఖ్య చాలక ఆ ఒక్క భాగం విఫలం కావచ్చు. అందులో కంగారు పడవలసింది లేదు.

ప్రోగ్రామ్‌లోనే లోపం ఉండదా అని మీరు అడగవచ్చు. ఉంది, దాన్ని తయారుచేసినవారే సరిదిద్దుతూ వచ్చారు. మొదటి భారాలు 18 ప్రోటీన్ల మిశ్రమం నుంచి, ఆ కాలపు యంత్రం నుంచి నేర్చుకున్నవి. యంత్రాలు మారాయి, ద్రవ్యరాశిని కొలిచే కచ్చితత్వం ఎన్నో రెట్లు పెరిగింది. దీనికి తోడు మూపురాల ఆకారం ఎప్పుడూ గామా, సామాన్య విభాజనాలలాగే ఉండాలన్న నియమం ఏమీ లేదు. అందుకే డికాయ్‌లు, అంటే ఎర పేర్లు, వచ్చాయి. నిజమైన ప్రోటీన్ల క్రమాన్ని తిరగేసి, ప్రకృతిలో లేని దొంగ ప్రోటీన్లను తయారుచేసి జాబితాలో కలుపుతారు. దొంగ పేరు గెలిచిన ప్రతిచోటా అది తప్పేనని ముందే తెలుసు. 2008లో హ్యుంగ్‌వోన్ చోయ్, నెస్విజ్‌స్కీ ఈ ఎరలను ఉపయోగించి ఎడమ మూపురం ఆకారాన్ని ఆ నమూనా నుంచే నేర్చుకునే పద్ధతిని చేర్చారు. మీకు కూడా ఇది మంచి పరీక్ష. ఎర పేర్లకు 0.9 పైన సంభావ్యతలు అడపాదడపా ఒకటీ అరా వస్తే సరే. గుంపులుగా వస్తుంటే వక్రరేఖ దగ్గరికి తిరిగి వెళ్ళండి.

7. పెద్ద పటాలు, చిన్న తప్పులు

ఒక విద్యార్థిని పట్టికలో తప్పు వస్తే నష్టం ఒక వారం. దేశాలు కలిసి చేసే పనిలో వస్తే?

2014 మేలో నేచర్ పత్రిక మానవ ప్రోటియోమ్ తొలి ముసాయిదా పటాలను రెండు వేర్వేరు బృందాల నుంచి ప్రచురించింది. వాటిలో ఒకటి అఖిలేష్ పాండే నాయకత్వంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ కలిసి చేసిన పని. 17,294 జన్యువుల ప్రోటీన్లను చూశామని ఆ బృందం తెలిపింది. భారతీయ పరిశోధకుల పాత్ర ఇంత పెద్దగా ఉన్న ఇటువంటి పని అంతకుముందు అరుదు. గర్వించదగ్గదే. అదే ఏడాది స్పెయిన్‌కు చెందిన ఎజ్‌కుర్డియా, ట్రెస్ తదితరులు ఒక చిన్న పరీక్ష చేశారు. వాసన పట్టే గ్రాహక ప్రోటీన్లు ముక్కు లోపలి కణజాలంలో ఉంటాయి. ఆ కణజాలాన్ని రెండు బృందాలూ పరీక్షించలేదు. అయినా రెండు పటాల్లోనూ ఆ గ్రాహకాలు పెద్ద సంఖ్యలో కనిపించాయి. అంటే తప్పు పేర్లు వడపోతను దాటి లోపలికి వచ్చాయి.

ఇది ఎలా జరుగుతుందో లెక్క చూడండి. లక్ష పెప్టైడ్ పేర్లను 1 శాతం తప్పుతో ఒప్పుకున్నారనుకుందాం. తప్పువి 1,000. సరైన 99,000 పేర్లు నిజంగా ఉన్న కొన్ని వేల ప్రోటీన్ల మీద గుమిగూడతాయి. తప్పు పేర్లకు అలాంటి ఇల్లు లేదు. అవి జాబితా నిండా చెల్లాచెదురై ఒక్కొక్కటి ఒక్కో కొత్త ప్రోటీన్ తలుపు తడతాయి. పెప్టైడ్ల దగ్గర 1 శాతంగా ఉన్న తప్పు ప్రోటీన్ల దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు అవుతుంది. పెప్టైడ్ ప్రాఫెట్ బృందం 2003లోనే ప్రోటీన్ల స్థాయికి విడిగా మరో పద్ధతి రాసింది ఇందుకే. ఎక్కువ నమూనాలు కలిపేకొద్దీ ఈ జాగ్రత్త ఇంకా అవసరమవుతుంది.

ఆ పటాలు వచ్చేనాటికి రావు వయసు 93. హైదరాబాదులో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరుతో గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ అప్పటికే నడుస్తోంది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో అమెరికాలో కన్నుమూశారు. అనిశ్చితమైన జ్ఞానానికి ఆ అనిశ్చితి ఎంతో తెలియడం తోడైతే అది వాడుకోదగ్గ జ్ఞానం అవుతుందని ఆయన తన ఉపన్యాసాల్లో చెబుతూ ఉండేవారు. మన విద్యార్థిని పట్టికలోని మూడో వరుస సరిగ్గా ఆ రెండో భాగమే.

8. అభ్యాసం

సంభావ్యతలు సరిగ్గా లెక్కకట్టి ఉంటే, ఒప్పుకున్న ప్రతి పెప్టైడ్‌కు 1 నుంచి దాని సంభావ్యతను తీసేసి, ఆ మిగుళ్ళన్నీ కూడితే ఎన్ని తప్పులు ఉండవచ్చో వస్తుంది. ఒక నమూనాలో మీరు 200 పెప్టైడ్లను ఒప్పుకున్నారు. వాటిలో 120కి సంభావ్యత 0.99, 60కి 0.95, 20కి 0.80. ఎన్ని తప్పులు ఉండవచ్చు? అవి ఒప్పుకున్నవాటిలో ఎంత శాతం? చివరి 20ని వదిలేస్తే తప్పుల శాతం ఎంతకు దిగుతుంది, దానికి బదులుగా ఎన్ని సరైన పెప్టైడ్లను పోగొట్టుకుంటారు? మొదటి ప్రశ్నకు 8.2, అంటే 4.1 శాతం, అని వస్తే మీ లెక్క సరిగ్గా సాగుతున్నట్లు. మిగిలినవి కాగితం మీద చేసి, ఆ 20ని మీరైతే ఉంచుకుంటారో వదిలేస్తారో, ఎందుకో, సంప్రదింపు తరగతికి రాసుకుని రండి.